మొదటి చుక్క ఎవరు పోస్తున్నరు?

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా దేవరకొండలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్‌ఎంల ముందు ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసిపెట్టాం. మాట తీరు మార్చలేదు. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఎనక కూసున్న అక్కలు జర ముందుకు రాండి, ఇక్కడ ఫ్యాను కింద జాగ ఉంది. మైకును నమ్మేటట్టు లేదు.

నాకు ఇచ్చిన విషయం ఏందంటే, “కొందరు తల్లులు పుట్టిన బిడ్డకు రొమ్ముపాల కంటే ముందు వేరేవి ఎందుకు పడ్తరు” అని. కాగితం మీద గట్లనే రాసి ఇచ్చిన్రు. సరే. ముందుగాల నేను మిమ్మల్ని ఒకటి అడుగుత. మీ ఊర్ల ఆఖరి కాన్పు ఎవరిదో యాది చేసుకోండి. ఆ బిడ్డ నోట్ల మొట్టమొదలు పడ్డది ఏంది? తేనెనా, చక్కెర నీళ్లా, డబ్బా పాలా, రొమ్ముపాలా? యాదికొచ్చిందా? ఇప్పుడు రెండో ప్రశ్న. అది పోసింది ఎవరు?

తల్లేనా? కాదు గదా. తల్లి అప్పటికి ఇంక బల్ల మీదనే ఉంది. ఆమెకు కుట్లు ఏస్తున్నరు. బిడ్డను తువ్వాలల చుట్టి బయటికి తెచ్చి, వరండాల నిలబడ్డ అమ్మమ్మ చేతుల పెట్టిన్రు. బిడ్డ ఏడుస్తుంది. పెదవులు చప్పరిస్తుంది. పిడికిలి నోట్ల పెట్టుకుంటుంది. లోపలికి పోనియ్యరు. ఎప్పుడు పిలుస్తరో చెప్పరు. అమ్మమ్మ చేతుల ఏముంది? ఏడ్చే బిడ్డ ఉంది, సంచిల తేనె సీసా ఉంది. మీరైతే ఏం చేస్తరు?

అందుకే ఈ కాగితం మీది ప్రశ్నను నేను జర మారుస్త. తల్లులు ఎందుకు పడ్తరు అని కాదు. ఆ రెండు మూడు గంటలు బిడ్డ ఎవరి చేతుల ఉంది, ఆ చేతులకు మనం ఏం పని చెప్పినం, ఇదీ ప్రశ్న. ఇయ్యాల నేను చెప్పేదంత దీని చుట్టే తిరుగుతది.

లెక్కలు చూడండి. 2019 నుంచి 2021 దాక అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసిన్రు. అప్పుడు మన తెలంగాణల నూటికి 97 కాన్పులు ఆస్పత్రిలనే అయినయి. చప్పట్లు కొట్టుకోవాల్సిన లెక్కనే. మరి పుట్టిన గంటల రొమ్ము పట్టింది ఎంతమంది? నూటికి 37. అంటే ఆస్పత్రికి పోయిన్రు, డాక్టరున్నది, నర్సున్నది, అయినా గంటల రొమ్ము దొరకని పిల్లలు అరవై మంది మీదనే. మంత్రసాని పోయింది గని తేనె పోలేదు. ఎందుకు పోలేదు? ఇంకో లెక్క చూస్తే తెలుస్తది. అదే సర్వేల మన రాష్ట్రంల 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లు, అంటే సిజేరియన్లు. అప్పుడు దేశంల ఏ రాష్ట్రంల ఇంత లేకుండె. ప్రైవేటుల చూస్తే నూటికి ఎనభై దాటింది. ఆపరేషన్ అంటే ఏంది? తల్లొక గదిల, బిడ్డొక గదిల. నడుమ ఖాళీ గంటలు. ఆ ఖాళీలనే తేనె పడతది, డబ్బా పాలు పడతయి.

గంట గంట అని ఎందుకు మొత్తుకుంటం? పుట్టిన బిడ్డ మొదటి గంట, గంటన్నర మంచిగ మేల్కొని ఉంటది. కండ్లు తెరిచి చూస్తది, చప్పరించే గుణం అప్పుడే జోరు మీద ఉంటది. తల్లి రొమ్ముల నడుమ బోర్ల పడుకోబెట్టి వదిలేస్తే చానమంది పిల్లలు ముప్పావు గంట, గంటల వాళ్లంతట వాళ్లే పాకుకుంట రొమ్ముకాడికి పోతరు. ఆ గంట దాటిందా, అలసిపోయి పడుకుంటది. ఇగ ఎన్ని గంటలు పడుకుంటదో చెప్పలేం. అప్పుడు లేపి రొమ్ము పడితే పట్టదు, అమ్మమ్మ అంటది: “చూసినవా, రొమ్ము పట్టుకుంటలేదు.” ఘనా దేశంల పల్లెలల్ల దాదాపు 11 వేల మంది పిల్లలను చూసి 2006ల ఒక పరిశీలన అచ్చేసిన్రు. అందరికీ గంట లోపల రొమ్ము పడితే, నెల లోపల చనిపోయే పిల్లలల్ల నూటికి 22 మందిని కాపాడొచ్చని లెక్క తేలింది. మందు లేదు, సూది లేదు. గంట అంతే.

“పాలు పడలే”

ఇప్పుడు ఆ వరండాల వినపడే మాటలు ఒక్కొక్కటి తీసుకుందం. అన్నిటికంటే పెద్ద మాట ఏది? మీరే చెప్పండి. ఆ, అదే. “పాలు పడలే.” “ఇంకా పాలు రాలే, అందాక ఏదన్న పట్టాలె గదా.”

పాలు పడలేదని ఎట్ల తెలిసింది వాళ్లకు? రొమ్ము మెత్తగ ఉంది, పిండితే ధార రాలే. నిజమే, మొదటి రెండు రోజులు ధార రాదు. రావద్దు కూడ. మాయ బయటపడ్డంక ఒంట్ల ఒక హార్మోన్ దిగిపోతది, అప్పటి నుంచి రొమ్ముకు పెద్ద పని మొదలైతది, నిండుగ పాలు దిగేవరకు రెండు రోజులు, మూడు రోజులు పడతది. పెద్దాపరేషన్ అయినామెకు ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. అందాక వచ్చేవి ముర్రుపాలు. చుక్కలు చుక్కలుగ, చిక్కగ, జిగటగ వస్తయి.

మరి చుక్కలు సరిపోతయా? పుట్టిన బిడ్డ కడుపు ఎంతుంటది? చిన్న రేగ్గాయంత. మొదటి రోజు ఒక్కో తాపకు బిడ్డ తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లు. మనం చాయల చక్కెర ఏసుకునే చెంచ ఉంటది గదా, దాంట్ల పట్టేది 5 మిల్లీలీటర్లు. అంటే సగం చెంచ నుంచి రెండు చెంచలు. రెండో రోజు 5 నుంచి 15. మూడో రోజు 15 నుంచి 30. నాలుగో రోజు 30 నుంచి 60. బిడ్డ కడుపు ఎట్ల సాగుతదో తల్లి పాలు అట్లనే పెరుగుతయి.

ఇప్పుడు డబ్బా దిక్కు చూడండి. డబ్బాల ఒక కొలత చెంచ ఉంటది. ఒక చెంచ పొడికి 30 మిల్లీలీటర్ల నీళ్లు. అంతకు తక్కువ కలిపేటట్టే లేదు. అంటే డబ్బాల అన్నిటికంటే చిన్న కొలతనే బిడ్డ మొదటి రోజు ఒక్కో తాపకు తాగేదానికి కనీసం మూడింతలు. దాన్ని పీకతోని పోస్తరు. పీకల పాలు వాటంతట అవే కారుతయి, బిడ్డ మింగక ఏం చేస్తది?

మింగింది. కడుపు ఉబ్బింది. నాలుగైదు గంటలు కదలకుండ పడుకుంది. అమ్మమ్మకు సంతోషం: “చూడు, కడుపు నిండంగనే ఎట్ల పడుకుందో. ఇందాక ఏడ్చింది ఆకలికే.” ఆ నాలుగైదు గంటలు రొమ్మును ఎవరూ చప్పరియ్యలే. లేస్తే మళ్ల 30. ఇట్ల రెండు రోజులు. మూడో రోజు ఏమైతది? పాలు దిగుతయి. దిగుతయి గని తీసేవాళ్లు లేరు. రొమ్ము రాయి లెక్క గట్టిపడతది, చర్మం మెరుస్తది, చనుమొన చదునైపోతది. అప్పుడు బిడ్డకు రొమ్ము పడితే, బండ మీద నోరు పెట్టినట్టు, జారిపోతది. పీకకు అలవాటైన నోరు, దానికి చిన్నగ తెరిస్తే చాలు. రొమ్ముకు నిండ తెరవాలె. ఏడుస్తది. తల్లికి జ్వరం, గడ్డలు. అప్పుడు ఇంట్ల ఏమంటరు? “ఈమె పాలు పడతలేవు బిడ్డకు.” ఏ పాలు లేవని డబ్బా తెచ్చిన్రో, ఆ పాలను డబ్బానే ఎండగొట్టింది. పదో రోజుకు నిజంగనే పాలు తగ్గినయి. అప్పుడు అందరు అంటరు, “మేం ముందే చెప్పినం.”

మీ ఇండ్లల్ల బర్రెలున్నయి. దూడను విడవకుంటే బర్రె చేపుతదా? దూడ వచ్చి పొదుగును నాలుగు సార్లు కుమ్మితెనే చేపుతది. కొత్త మనిషి పోయి కూసుంటే ఏం చేస్తది? ఎగజేపుతది. పాలు లేకనా? పొదుగు నిండ ఉన్నయి. భయంతోని ఇడుస్తలేదు. బాలింత కూడ అంతే. పాలు తయారు చేసే హార్మోన్ వేరు, చేపుకొచ్చేటట్టు చేసే హార్మోన్ వేరు. మొదటిది బిడ్డ ఎంత చప్పరిస్తే అంత పెరుగుతది. రెండోది ఆక్సిటోసిన్. బర్రెలకు దొంగతనంగ పాల సూది ఏస్తరు గదా, దాంట్ల ఉండేది ఇదే. నొప్పిల ఉన్న ఆడమనిషి చుట్టు పదిమంది నిలబడి “పాలు లేవు, పాలు లేవు” అంటుంటే ఆ ఆక్సిటోసిన్ ఆగిపోతది. అందుకే చెప్తున్న, బాలింత మంచం కాడ “పాలు పడలే” అన్న మాట బంద్ చేయాలె. అదొక్కటే సగం మందు.

మరి బిడ్డకు చాలుతున్నయని ఎట్ల తెలియాలె? రొమ్మును పిండి చూసుడు కాదు. లంగోటీ చూడండి. మొదటి రోజు ఒక్కసారి మూత్రం పోస్తే చాలు. రెండో రోజు రెండు సార్లు, మూడో రోజు మూడు. ఆరో రోజుకు ఆరు దాటాలె. మలం మొదలు నల్లగ, తారు లెక్క జిగటగ ఉంటది, తర్వాత పచ్చగ, నాలుగైదు రోజులకు పసుపుపచ్చగ మారాలె. బరువు తగ్గుతది, భయపడొద్దు. పుట్టిన బరువుల నూటికి ఏడెనిమిది వంతులు తగ్గుడు మామూలే, పది దాటితే మాత్రం డాక్టరుకు చూపియ్యాలె. రెండు వారాలల్ల మళ్ల పుట్టిన బరువుకు రావాలె. మూడు కిలోల బిడ్డ మూడో రోజు 2 కిలోల 800 తూగితే, పాలు చాలక చిక్కిపోయిందని డబ్బా తెచ్చేది అప్పుడే. తూకం రాసే అక్కలు ఈ మాట ఇంటోళ్లకు ముందే చెప్పి పెట్టాలె.

తేనె, ఆముదం, గాడిద పాలు

రెండో మాట, “గొంతు తడపాలె.” కొన్ని ఇండ్లల్ల తేనె నాకిచ్చే మనిషిని ఏరి మరీ పిలుస్తరు, ఎవరు నాకిస్తే వాళ్ల గుణం వస్తదని. గుణం సంగతి నాకు తెల్వదు, తేనె సంగతి చెప్త.

నల్లమల దిక్కు, అమ్రాబాద్, మన్ననూరు పోతే ఒక మాట వినపడతది: “మేడం, ఇది బజారు తేనె కాదు, చెంచులు తెచ్చిన అడవి తేనె. కల్తీ లేదు.” కల్తీ లేదు, నేను ఒప్పుకుంట. అసలు భయం కల్తీ గురించి కాదు. మట్టిల ఉండే ఒక సూక్ష్మజీవి, క్లాస్ట్రీడియం బొట్యులినం అని, దాని బీజాలు తేనెల చేరి బతికి ఉంటయి. ఎంత అసలు తేనె అయినా ఉండొచ్చు. మరగబెట్టినా చావవు. మనం తింటే ఏం గాదు, మన పేగులల్ల వేరే మంచి క్రిములు నిండి ఉంటయి గనక దానికి జాగ దొరకదు. పసిబిడ్డ పేగు ఖాళీ పొలం. బీజం మొలుస్తది, విషం తయారు చేస్తది. మొదలు మలబద్ధకం. తర్వాత ఏడుపు సన్నగైతది, చప్పరిచ్చుడు తగ్గుతది, కండ్లరెప్పలు వాలతయి, మెడ నిలవదు. అరుదు. నేను భయపెట్టుడుకు చెప్తలేను, అరుదే. కానీ వచ్చిందంటే గాలి మిషన్ మీద పెట్టాల్సి రావచ్చు. ఏడాది నిండేదాక తేనె చుక్క కూడ వద్దు.

మూడో మాట, “కడుపు శుద్ధి కావాలె.” ఆ నల్లటి మలం లోపల ఉంటే విషమైతదని ఆముదం పోస్తరు. మన పాలమూరు, నల్లగొండ చెల్కలల్ల ఆముదాలు పండిన నేల ఇది, ఇంట్ల సీసా ఉంటనే ఉంటది. ఆలోచన తప్పా? సగం కరెక్టే. ఆ నల్లటి మలం జల్ది పోవాలె, నిజం. అది లోపలనే ఉంటే పసిరికలు, అంటే కామెర్లు, పెరుగుతయి. కాకపోతే దాన్ని తోసే మందు తల్లి దగ్గరనే ఉంది. ముర్రుపాలే విరేచనం చేయిస్తయి. రొమ్ము మంచిగ తాగిన బిడ్డకు చానవరకు మొదటి రోజుల్నే అయితది. ఒక రోజు దాటినా కాలేదంటే ఆముదం కాదు, డాక్టరుకు చెప్పాలె. పేగుల అడ్డం ఏమన్న ఉందేమో చూస్తరు.

ఆముదంతోని అసలు ముప్పు ఏందో తెలుసా? నీళ్లు కొరపోతే బిడ్డ దగ్గుతది. నూనె నున్నగ జారిపోతది, దగ్గు కూడ రాదు. ఏడుస్తున్న బిడ్డ నోరు తెరిచి, ముక్కు పట్టుకొని పోస్తే అది పోయేది ఊపిరితిత్తులల్లకే. నూనె నిమోనియా అంటరు. అది క్రిమితోని వచ్చింది కాదు గనక యాంటీబయాటిక్ సూదులకు కరగదు. ఎంతకూ తగ్గని ఆయాసంతోని తెస్తరు. ఎక్స్‌రే తీస్తే మచ్చలు. “ఏమన్న పోసిన్రా?” అంటే ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పరు? తిడతరని. అందుకే చెప్తున్న, తిట్టొద్దు. తిడితే దాస్తరు, దాస్తే మందు తప్పుతది.

గాడిద పాలు అమ్మేటాయన వాడకు వస్తడు, కండ్ల ముందే పిండి ఇస్తడు, ఉబ్బసం రాదు, మాటలు జల్ది వస్తయి అంటడు. గాడిద పాలు తల్లిపాలకు దగ్గర అన్న మాట ఉంది. మాంసకృత్తుల వరకు నిజమే. కొవ్వు మాత్రం తల్లిపాలల్ల 3, 4 శాతం ఉంటే వాటిల ఒకటికి అటూ ఇటూ. పచ్చిపాలు, పది ఇండ్లు తిరిగిన ఒకే గిన్నె. ఇంతకంటే దాని గురించి టైం ఖర్చు పెట్ట.

మేకపాలు, ఆవుపాలు అంతే. తల్లిపాలల్ల మాంసకృత్తులు 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము. ఆవుపాలల్ల మూడు మీద. దూడ రెండు నెల్లల్ల రెట్టింపు బరువు కావాలె, మన బిడ్డ అయిదారు నెల్లకు అయితే చాలు. ఆ లెక్క ఆ పాలది, ఈ లెక్క ఈ పాలది. పసిబిడ్డ మూత్రపిండాలు ఆ బరువు మోయలేవు.

ఇగ నీళ్లు. ఎండకాలం కాన్పయితే, 44 డిగ్రీలు ఎండ కొడుతుంటే, “గొంతెండదా?” అంటరు. తల్లిపాలల్ల నూటికి 87 వంతులు నీళ్లే. ఎండకు ఇంకో రెండు సార్లు ఎక్కువ తాగుతది, అంతే. పోయాల్సింది తల్లికి. బాలింతకు చెమ్మ చేస్తదని నీళ్లు కొలిచి ఇచ్చే ఇండ్లు ఇంకా ఉన్నయి. దాహమైనప్పుడల్ల తాగనియ్యండి. ఇంకొకటి, మనది నల్లగొండ. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఉండి పండ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ గురించి నేను మీకు చెప్పాల్నా? నీళ్లను పటికతోని శుద్ధి చేసే పద్ధతికే మన జిల్లా పేరు పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అని. మిషన్ భగీరథ నల్ల నీళ్లు ఇప్పుడు వస్తున్నయి, నల్ల బందైతే మళ్ల బోరే గదా. బోరు నీళ్లను మరగబెడితే క్రిములు చస్తయి. ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయి మిగిలిన దాంట్ల ఇంకింత చిక్కబడతది. ఆ నీళ్లతోని డబ్బా పొడి కలిపితే అదంత బిడ్డకే. అదే తల్లి ఆ నీళ్లు తాగినా ఆమె పాలల్లకు ఫ్లోరైడ్ దిగేది చాన తక్కువ. తల్లి ఒళ్లు జల్లెడ పట్టి ఇస్తది.

నాలుగో మాట మర్చిపోయిన, అసలు మాట. “ముర్రుపాలు మంచియి కావు, చీము లెక్క ఉంటయి, తొమ్మిది నెల్ల నుంచి నిలువున్న పాలు.” కొన్ని ఇండ్లల్ల మూడోనాడు స్నానం అయ్యేదాక రొమ్ము ఇయ్యరు, పిండి పారబోస్తరు. బర్రె ఈనితే మొదటి పాలు దూడకు తాపకుండ ఉంచుతరా ఎవరన్న? దూడ తాగంగ మిగిలింది జున్ను వండుకుంటం, పక్కింటికి ఒక గిన్నె పంపిస్తం. జున్నుపాలు తాగని దూడ దక్కదని ఊర్ల ప్రతి ముసలాయనకు తెలుసు. బర్రెకాడ తెలిసిన ముచ్చట బిడ్డకాడికి వచ్చేవరకు ఎట్ల మరుస్తున్నం? ఆ పసుపు రంగు చీము కాదు. గాజరగడ్డకు రంగునిచ్చే పదార్థమే, ఎ విటమిన్ అయ్యేది. ఆ పాలల్ల ఉండే రక్షక పదార్థం బిడ్డ పేగుకు లోపల అలికినట్టు పూత పూస్తది. తేనె గాని, నీళ్లు గాని ఆ పూత కంటే ముందు పోయినయంటే, అలకని గోడ మీద వాన కొట్టినట్టే.

అయిదోది, మన ఆస్పత్రులు. అమ్మమ్మనే అంటే ఎట్ల? “తల్లి మత్తుల ఉంది, ఈ డబ్బా తీసుకురాండి” అని లోపలి నుంచే చీటి వస్తే ఆమె ఏం చేస్తది? దీనికి చట్టం ఉంది. 1992లనే చేసిన్రు, 2003ల గట్టి చేసిన్రు. డబ్బా పాలకు, పాలసీసాలకు ప్రకటన ఇయ్యొద్దు, తల్లులకు ఉత్తగ పంచొద్దు, ఆస్పత్రి సిబ్బందికి బహుమతులు ఇయ్యొద్దు, డబ్బా మీద పసిపిల్ల బొమ్మ ఉండొద్దు. రెండేండ్ల లోపు పిల్లల ఆహారానికంత వర్తిస్తది. అంగన్‌వాడీకి ఎవరన్న నమూనా డబ్బాలు తెచ్చి ఇస్తే తీసుకోవద్దు.

అయితే డాక్టరు రాసే సందర్భాలున్నయి, అది కూడ చెప్పాలె. బాగ నెలలు తక్కువ బిడ్డ, కిలోన్నర లోపు బిడ్డ, షుగర్ ఉన్న తల్లికి పుట్టి రక్తంల చక్కెర పడిపోయిన బిడ్డ. అక్కడ కూడ మొదలు చూసేది తల్లి పిండిన పాలు. అవి చాలకుంటే వేరే తల్లి దానం ఇచ్చిన పాలు. హైదరాబాద్ నీలోఫర్‌ల ధాత్రి అని తల్లిపాల బ్యాంకు ఉంది. ఆ తర్వాతనే డబ్బా. డాక్టరు బిడ్డను చూసి కొలిచి రాసింది వేరు, వరండాల ఏడుపు ఆపుడుకు పోసింది వేరు.

ఇప్పుడు పెద్దాపరేషన్ అయితే ఏం చేయాలె? నడుముకు సూది ఇచ్చి చేసే ఆపరేషన్‌ల తల్లికి తెలివి ఉంటది. కుట్లు ఏస్తుండంగనే బిడ్డను తుడిచి, ఆమె ఛాతి మీద అడ్డంగ పెట్టొచ్చు. నర్సు ఒక చెయ్యి పట్టుకుంటే చాలు. అది కాకుంటే బయటికి తెచ్చిన గంటల. “తల్లి ఏం తినలే, పాలెట్ల ఇస్తది?” అంటరు; తల్లి తినకున్నా ముర్రుపాలు తయారయ్యే ఉంటయి. “మత్తు బిడ్డకు పోతది” అంటరు. మామూలుగ ఇచ్చే మత్తుకు, నొప్పి సూదులకు, యాంటీబయాటిక్‌లకు పాలు ఆపాల్సిన పని లేదు. కుట్ల మీద బరువు పడకుండ పక్కకు తిరిగి పడుకొని ఇయ్యొచ్చు, బిడ్డను చంకల కింద, కాళ్లు ఎనకకు వచ్చేటట్టు పెట్టుకొని ఇయ్యొచ్చు. ఇగో, అమ్మమ్మకు పని ఇదే. బిడ్డను పట్టుకొని రొమ్ముకు అందిచ్చుడు. నోరు నిండ తెరిచిందా, గదుమ రొమ్ముకు ఆనిందా, కింది పెదవి బయటికి మడిచి ఉందా, చనుమొన చుట్టు ఉండే నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనపడుతుందా. ఈ నాలుగు చూసుడు అమ్మమ్మకు నేర్పండి. ఖాళీ చేతులకే తేనె సీసా గుర్తొస్తది.

బిడ్డ వార్డుల, తల్లి మంచం మీద ఉంటే చేతితోని తీయాలె. సబ్బుతోని చేతులు కడుక్కోవాలె. వెచ్చటి బట్ట రెండు నిమిషాలు రొమ్ము మీద వేసి, మెల్లగ నిమరాలె. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు రెండు వేళ్ల దూరంల, నల్లటి అంచు కాడ. మొదలు ఎనకకు, పక్కటెముకల దిక్కు నొక్కాలె. తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలె. వదలాలె. నొక్కు, దగ్గరికి, వదులు. చనుమొనను లాగొద్దు, లాగితే నొప్పి తప్ప చుక్క రాదు. వేళ్లు జార్చొద్దు; చర్మం గీరుకపోతది. మొదటి రెండు మూడు నిమిషాలు ఏం రాదు. చానమంది అక్కడనే ఆపేస్తరు, “చూసిన్రా, లేవు” అని. ఆపొద్దు. ఒక్కో రొమ్ముకు అయిదు నిమిషాలు, వేళ్లు చుట్టు తిప్పుకుంట. ముర్రుపాలు జిగట గదా, పెద్ద గిన్నెల పడితే గోడకు అంటుకొని పోతయి. ఉడకబెట్టిన స్టీలు చెంచను రొమ్ముకు ఆనిచ్చి దాంట్లనే పట్టాలె, లేకుంటే సూది తీసిన చిన్న సిరంజితోని పీల్చాలె. తాపేటప్పుడు బిడ్డను తల ఎత్తి పట్టుకోవాలె. ఉగ్గుగిన్నె మూతి కింది పెదవి మూలకు ఆనిస్తే బిడ్డ నాలుకతోని తీసుకుంటది. నోట్ల పోయొద్దు. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడ.

ఆఖరుగ మన లెక్కల ఒక పెద్ద బొక్క ఉంది, అది చెప్పి దిగిపోత. మన దగ్గర మొదటి కాన్పు ఎక్కడ? తల్లిగారింట్ల. ఏడో నెల, తొమ్మిదో నెల తీసుకపోతరు. ఆరు నెలలు మీరు ఎవరికి చెప్పిన్రు? అత్తగారి ఊర్ల ఆ పిల్లకు, ఆమె అత్తకు. కాన్పప్పుడు వరండాల నిలబడ్డది ఎవరు? తల్లిగారి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ. ఆమెకు ఎవరన్న చెప్పిన్రా? ఈ ఊరి ఆశ “నా కేసు పోయింది” అనుకుంటది, ఆ ఊరి ఆశకు కేసు రాసుకునే వరకే కాన్పయితది. దేవరకొండ తండాల పిల్ల అచ్చంపేటకు పోతది, కల్వకుర్తి పిల్ల ఇక్కడికి వస్తది. కాబట్టి పిల్ల తల్లిగారింటికి పోయిన వారంల మీరు చేయాల్సింది ఒక్క ఫోన్. అక్కడి ఆశకు గాదు, ముందు ఆ అమ్మమ్మకు. నాలుగు ముక్కలు చెప్పండి చాలు: బిడ్డను చేతికి ఇయ్యంగనే “తల్లి దగ్గరికి ఎప్పుడు తీసుకపోతరు” అని అడగాలె, సంచిల తేనె, ఆముదం పెట్టొద్దు, మొదటి రోజు ఒక్కో తాపకు చెంచడు ముర్రుపాలే చాలు, బిడ్డ ఏడిస్తే బట్ట విప్పి తల్లి ఛాతికి ఆనియ్యాలె. రెండో కాన్పయితే అత్తకు చెప్పండి. ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించుకున్న ఇంటికైతే ఇంకా సులువు, తారీకు, టైము ముందే తెలుసు. ఆ రోజు పొద్దుగాల ఇంకోసారి చెయ్యండి.

చాలు. ఇప్పుడు ఉగ్గుగిన్నెలు తెచ్చిన అక్కలు ముందుకు రాండి. బట్టతోని కుట్టిన రొమ్ము బొమ్మ ఉంది ఈ టేబుల్ మీద. ఒక్కొక్కరు వచ్చి నొక్కు, దగ్గరికి, వదులు మూడూ చేసి చూపియ్యాలె. వేళ్లు చనుమొన మీద పెట్టినోళ్లకు మళ్ల మొదటి నుంచి.